బెంగళూరు అడ్రసు, ఊరి బండి, ఊరి లైసెన్సు: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

ఉద్యోగానికి బెంగళూరు వచ్చి మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటున్న ఆంధ్రా, తెలంగాణ వాళ్ల కోసం ఇది. ఇక్కడ పని ఉంది, అద్దె ఇల్లు ఉంది, ఊరి నుంచి తెచ్చుకున్న బండీ ఉంది. కానీ ఆర్టీఓ కౌంటరు దగ్గర ‘మీరు ఇక్కడే ఉంటున్నారని చూపించండి’ అనేసరికి చేతిలో సరైన కాగితం ఉండదు. కాగితాలు పుట్టించుకోవడానికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే అదే పనికి మూడుసార్లు సెలవు పెట్టాల్సి వస్తుంది.

అసలు మార్చాలా?

లైసెన్సు సంగతి ముందు. నెల్లూరులో తీసుకున్నా కరీంనగర్‌లో తీసుకున్నా డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 13వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. గడువు ఉన్నంతవరకూ ‘కర్ణాటక లైసెన్సు తీసుకోవాలి’ అని ఎవరన్నా చెబితే పట్టించుకోనక్కర్లేదు. గడువు దగ్గరపడినప్పుడు, కార్డు పోయినప్పుడు, బైకు లైసెన్సుకు కారు కూడా చేర్చాలన్నప్పుడు మాత్రమే ఇక్కడి అడ్రసు గురించి ఆలోచించండి.

బండి సంగతి అలా కాదు. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. కర్ణాటక 2014లో పన్ను చట్టాన్ని సవరించి 30 రోజులు దాటితే చాలు జీవితకాల పన్ను కట్టాలంది. ఆ సవరణను హైకోర్టు కొట్టేసింది. అయినా ‘30 రోజులే’ అనే మాట రోడ్డు మీద ఇంకా వినిపిస్తుంది, కంగారు పడకండి.

బండి ఇక్కడికి ఎప్పుడొచ్చిందో చూపించగలగడం మీ చేతిలో పని. దానికి ఫాస్టాగ్ స్టేట్‌మెంటుకు మించింది లేదు. అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్ల కారు బాగేపల్లి టోలు దాటిన ప్రతిసారీ తేదీ, గంట నమోదవుతాయి. బ్యాంకు యాప్ నుంచి మూడు నెలలకోసారి ఆ స్టేట్‌మెంటు దించి దాచుకోండి. బైకుకు ఫాస్టాగ్ ఉండదు కాబట్టి రైలు పార్సిల్ రసీదో, ప్యాకర్ల బిల్లో, ఊళ్లో చేయించిన సర్వీసు బిల్లో ఉంచుకోండి. ఉద్యోగంలో చేరిన తేదీ ఉన్న లెటరు కూడా ఫోనులో ఉండాలి.

ఏడాదిన్నరలో ఊరికో హైదరాబాద్‌కో వెళ్లిపోతామని గట్టిగా తెలిసినవాళ్లు కారు ఊళ్లోనే వదిలేసి రావడం మేలు. ఇక్కడ నంబరు మార్చి, పన్ను కట్టి, మళ్లీ వెనక్కి మార్చుకోవడం డబ్బుకూ ఓపికకూ పెద్ద దెబ్బ.

పునాది అద్దె ఒప్పందం

ఓటరు కార్డు, పాస్‌పోర్టు, ఎల్‌ఐసీ పాలసీ, ఆధార్ లాంటివి రవాణా శాఖ ఒప్పుకునే అడ్రసు రుజువులు. జీతం స్లిప్పు కూడా జాబితాలో ఉంది కదా అని చాలామంది కంపెనీ పే స్లిప్పు పట్టుకెళ్తారు. అక్కడ చెప్పింది ప్రభుత్వ కార్యాలయాలు, స్థానిక సంస్థలు ఇచ్చే స్లిప్పు గురించి. సాఫ్ట్‌వేర్ కంపెనీ స్లిప్పు తోడుగా పనికొస్తుందేమో గానీ దానికది రుజువు కాదు.

కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో ఉన్నవన్నీ ఊరి అడ్రసువే. కాబట్టి మొదలు పెట్టాల్సింది అద్దె ఒప్పందం దగ్గర. దాంతో ఆధార్ అడ్రసు మారుతుంది, ఆధార్‌తో మిగతావన్నీ కదులుతాయి.

ఒప్పందాలు 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి కాబట్టి ఆ అలవాటు వచ్చింది. 11 నెలల ఒప్పందం చెల్లుతుంది, కాకపోతే గడువు ముగిసిన మర్నాటి నుంచి రుజువుగా పనికిరాదు. ఆర్టీఓ పని మధ్యలో ఉండగా గడువు తీరిపోయేలా ఉంటే ముందే కొత్తది రాయించుకోండి.

ఈ-స్టాంప్ కాగితాన్ని సంతకానికి ముందు ఒక్కసారి నింపాదిగా చదవండి. పైన ఐఎన్-కేఏ అని మొదలయ్యే సర్టిఫికెట్ నంబరు, దాని కింద తేదీ, ఆ కింద మొదటి పార్టీగా ఓనరు పేరు, రెండో పార్టీగా మీ పేరు ఉంటాయి. తప్పులు దొర్లేది ఇక్కడే. స్టాంపు 12న కొని ఒప్పందంలో తేదీ 1 అని వేస్తారు. స్టాంపు కొనకముందే దాని మీద ఒప్పందం ఎలా రాశారని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ‘ఈ నెల 1 నుంచి అద్దె మొదలు’ అని లోపల రాసుకోండి గానీ, ఒప్పందం రాసిన తేదీ స్టాంపు తేదీయో ఆ తర్వాతిదో కావాలి. ఇంకో తప్పు: బ్రోకరు పాత ఫైలునే దిద్ది ఇస్తాడు, రెండో పేజీలో ఇదివరకటి అద్దెదారు పేరు అలాగే మిగిలిపోతుంది. ప్రతి పేజీలోనూ మీ పేరు, ఓనరు సంతకం, చివర ఇద్దరు సాక్షుల సంతకాలు చూసుకోండి. నోటరీ ముద్ర కూడా వేయిస్తే కౌంటరు దగ్గర మాట పడదు.

అడ్రసు పూర్తిగా రాయించండి: డోర్ నంబరు, అంతస్తు, క్రాస్, మెయిన్, స్టేజ్ లేదా లేఅవుట్, పిన్‌కోడ్. ‘మారతహళ్లి, బెంగళూరు’ అంటే సరిపోదు. పిన్‌కోడ్ మారతహళ్లికి 560037, ఎలక్ట్రానిక్ సిటీకి 560100, వైట్‌ఫీల్డ్‌కు 560066, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు 560102. కరెంటు బిల్లు మీద ఇంటి నంబరు ఎలా ఉందో ఒప్పందంలోనూ అలాగే ఉండాలి. ఓనరు పేరున వచ్చే బెస్కాం బిల్లు జిరాక్సు ఒకటి అడిగి పెట్టుకోండి. ఒప్పందంలోని ఓనరూ బిల్లులోని ఓనరూ ఒకరేనని చూపించడానికి అది పనికొస్తుంది.

భార్యాభర్తలుంటే ఇద్దరి పేర్లూ అద్దెదారులుగా రాయించండి. దీనికి అదనపు ఖర్చేమీ లేదు, తర్వాత ఎంత తిరుగుడు తప్పుతుందో చెప్పలేం.

పీజీలో ఉండేవాళ్ల కష్టం వేరు. నెలవారీ రసీదుకు ఎక్కడా విలువ లేదు. ముందు పీజీ యజమానినే అడగండి. మన నెల్లూరు, కడప వైపు వాళ్లే నడిపే పీజీలు ఇక్కడ చాలా ఉన్నాయి, అడిగితే స్టాంపు ఖర్చు మనం పెట్టుకునే షరతు మీద రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. అయితే భవనాన్ని తనే లీజుకు తీసుకుని నడుపుతుంటే అతను రాసిచ్చే కాగితానికి అసలు ఓనరు అనుమతి ఉండాలి, ఆ మాట అడగండి. ఏదీ కుదరకపోతే అఫిడవిట్ దారి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 4వ నియమం ప్రకారం, మిగతా రుజువులు ఇవ్వలేకపోవడానికి తగిన కారణం ఉంటే నోటరీ ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ ప్రమాణం చేసిన అఫిడవిట్‌ను అధికారి తీసుకోవచ్చు. తీసుకోవచ్చు అంతే, తీసుకుని తీరాలని లేదు. అందుకే ఒట్టి అఫిడవిట్‌తో వెళ్లకండి, కంపెనీ లెటరు, ఇక్కడి బ్రాంచి బ్యాంకు స్టేట్‌మెంటు దానికి జత చేయండి.

స్నేహితుడి ఇంటి అడ్రసు వేయించే సలహా మాత్రం వినకండి. అది అబద్ధపు ప్రకటన కింద లెక్క. పైగా స్మార్ట్ కార్డు స్పీడ్ పోస్టులో ఆ ఇంటికే వెళ్తుంది, ఈలోగా అతను ఇల్లు మారితే కార్డు తిరుగు టపాలో పోతుంది.

ఆధార్ మార్పు, పేర్ల చిక్కు

మైఆధార్ పోర్టల్‌లో అడ్రసు మార్పు ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఒప్పందం పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా, 2 ఎంబీ దాటకుండా స్కాన్ చేయండి. మొదటి పేజీ ఒక్కటే ఎక్కించడం తిరస్కరణకు మామూలు కారణం. ఫోన్లో తీసిన ఫొటో మసకగా ఉండటం ఇంకోటి. జెరాక్స్ షాపులో రంగుల్లో స్కాన్ చేయించండి.

ఒప్పందంలో పేరు లేని కుటుంబ సభ్యులకు ‘కుటుంబ పెద్ద’ ఆధారంగా మార్చుకునే వీలు 2023 నుంచి ఉంది. ముందు ఒకరి ఆధార్ బెంగళూరుకు మార్చి, రెండోవాళ్లు వాళ్ల ఆధార్ నంబరు ఇచ్చి దరఖాస్తు పెడితే, పెద్ద 30 రోజుల్లోగా తన లాగిన్‌లో ఒప్పుకోవాలి. ఆ గడువు మరిచిపోతే మళ్లీ మొదటికే.

ఊళ్లో అమ్మానాన్నల రేషన్ కార్డు, పింఛను వ్యవహారాలు వాళ్ల ఆధార్‌తో ముడిపడి ఉంటాయి. వాళ్లు బెంగళూరు వచ్చి నాలుగు నెలలు ఉన్నంత మాత్రాన వాళ్ల ఆధార్ అడ్రసు కదపకండి. ఓటరు కార్డు మీ ఇష్టం. ఫారం 8తో ఇక్కడికి మార్చుకుంటే ఊళ్లో ఓటు పోతుంది, రెండు చోట్లా ఉండకూడదు. ఆధార్ ఒక్కటి మారితే లైసెన్సుకూ బండికీ చాలు.

ఇక పేర్లు. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. ఆర్సీ మీద ‘కె. వెంకట రమణ’, ఆధార్ మీద ‘కోట వెంకట రమణ’, లైసెన్సు మీద ‘వెంకటరమణ కోట’. మనకు ముగ్గురూ ఒకడే, కంప్యూటరుకు ముగ్గురూ వేర్వేరు. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకచోట కె-ఎస్-హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాసినా అంతే సంగతి. దరఖాస్తు పెట్టకముందే ఆధార్, లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పాన్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి వీలైతే మిగతావాటినే ఆధార్‌కు తగ్గట్టు దిద్దించండి. చిన్న తేడాలైతే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ రాయించుకుని ఫైల్లో పెట్టండి.

లైసెన్సు

ఆధార్ బెంగళూరు అడ్రసుకు మారాక ఇది తేలిక. పరివాహన్ సైటులో సారథి విభాగానికి వెళ్లి రాష్ట్రం కర్ణాటక ఎంచుకోండి. ఆధార్ ఈ-కేవైసీ ఎంచుకుంటే అడ్రసు దానంతటదే వచ్చేస్తుంది. ఆధార్ ఇంకా ఊరి అడ్రసుతోనే ఉంటే ఆ ఊరి అడ్రసే వచ్చి కూర్చుంటుంది, దిద్దనివ్వదు. ఆధార్‌ను ముందు మార్చమన్నది ఇందుకే.

కొత్తగా తీసుకునేవాళ్లకు లెర్నర్ లైసెన్సు ఫీజు ఒక్కో తరగతికి 150 రూపాయలు, పరీక్షకు 50. లెర్నర్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు నిండాక అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లొచ్చు. పరీక్ష ఫీజు 300, లైసెన్సుకు 200, కార్డు ఖర్చు అదనం.

రెన్యువల్ గడువుకు ఏడాది ముందు నుంచే చేసుకోవచ్చు, గడువు తీరిన ఏడాది లోపు కూడా. ఆ ఏడాది కూడా దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష. 40 దాటినవాళ్లకు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి.

తెలంగాణ లైసెన్సులకు ఒక మెలిక ఉంది. తెలంగాణ రవాణా శాఖ చాలాకాలం దేశవ్యాప్త సారథి (లైసెన్సులు), వాహన్ (బండ్లు) వ్యవస్థల్లో చేరకుండా సొంత డేటాబేస్ నడిపింది. అందుకని నంబరు కొడితే ‘రికార్డు లేదు’ అని రావచ్చు. లైసెన్సు నకిలీదని కాదు. పాత ఆఫీసు నుంచి లైసెన్సు వివరాల ఎక్స్‌ట్రాక్ట్ తెప్పించుకుని ఇక్కడ ఇస్తే రికార్డు ఎక్కించాక పని ముందుకు సాగుతుంది. గడువుకు రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

బండి: ఊళ్లో సగం, ఇక్కడ సగం

ఊళ్లో చేయాల్సింది ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే కాగితం; దాని దరఖాస్తు ఫారం 28. దానికి ముందు మూడు పనులు తేల్చుకోండి. చలాన్లన్నీ, బెంగళూరువీ హైదరాబాద్‌వీ కలిపి, కట్టేయాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి. బ్యాంకు లోను ఉంటే ఫైనాన్స్ సంస్థ నుంచి అభ్యంతరం లేదనే లెటరు కావాలి. లోను తీరిపోయినా ఆర్సీ మీద ఆ బ్యాంకు పేరు ఇంకా ఉంటే ఫారం 35తో ముందు దాన్ని తీయించండి. లోను నాలుగేళ్ల కిందటే తీరిపోయినా ఈ ఫారం మరిచిపోయినవాళ్లు ఎందరో.

ఫారం 28 కాపీల మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కావాలి. బైకుకు సాధారణంగా హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర కొట్టి ఉంటుంది. కార్లలో ముందు సీటు కార్పెట్ కిందనో బానెట్ లోపలి గోడ మీదనో ఉంటుంది, మాన్యువల్ చూడండి. కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి ఆరనివ్వండి. పల్చని కాగితాన్ని కదలకుండా టేపుతో అతికించి, మెత్తటి పెన్సిల్ మొనను పడుకోబెట్టి ఒకే దిశలో మెల్లగా రుద్దండి. 17 అక్షరాలు, అంకెలూ కలిపి, ఒక్కటి కూడా మసకబారకుండా రావాలి. ఇందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీత ఒకటి. ఐదారు ముద్రలు ఒకేసారి తీసిపెట్టుకోండి, బెంగళూరులో మళ్లీ అడుగుతారు.

ఎన్‌ఓసీలో ఏ ఆర్టీఓకు వెళ్తున్నారో రాయాలి. కోరమంగల కేఏ-01, ఇందిరానగర్ కేఏ-03, జయనగర్ కేఏ-05, యలహంక కేఏ-50, ఎలక్ట్రానిక్ సిటీ కేఏ-51, కె.ఆర్.పురం కేఏ-53. మీ ఇంటికి ఏది వర్తిస్తుందో ముందే కనుక్కోండి. తప్పు ఆఫీసు పేరు పడితే ఊరికి వెళ్లి దిద్దించుకు రావాలి. ఇల్లు మారే ఆలోచన ఉంటే మారాకే ఎన్‌ఓసీ తీసుకోండి. ఇంకో సంగతి, ఎన్‌ఓసీ వచ్చాక ఊళ్లో ఆ బండి మీద వేరే పనులు సాగవు. మనసు మార్చుకుంటే, ఆ ఎన్‌ఓసీ ఇక్కడ వాడలేదని బెంగళూరు ఆర్టీఓ నుంచి రాయించుకు వెళ్లి రద్దు చేయించాలి. దరఖాస్తు మీద 30 రోజుల్లో అధికారి ఏ సంగతీ చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ అంటుంది, ఆలస్యమైతే ఆ మాట ఎత్తండి.

బెంగళూరులో ఇవ్వాల్సింది కొత్త నంబరు కోసం పెట్టే దరఖాస్తు, ఫారం 27. దాంతో ఎన్‌ఓసీ అసలు, ఆర్సీ అసలు, ఇన్సూరెన్సు, పొల్యూషన్, అడ్రసు రుజువు, బండి కొన్నప్పటి ఇన్‌వాయిస్. బండిని ఆఫీసుకు తీసుకెళ్లాలి, ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు చూసి సంతకం పెడతారు. తర్వాత పన్ను లెక్క.

కర్ణాటకలో కారు జీవితకాల పన్ను ధరను బట్టి 13 నుంచి 18 శాతం, దాని మీద సెస్సు. 8 లక్షల కారు కొత్తదైతే 14 శాతం చొప్పున 1,12,000 రూపాయలు. పాత బండికి వయసును బట్టి ఇందులో కొంత శాతమే కట్టించుకుంటారు. ధర లెక్కకు ఇన్‌వాయిసే ఆధారం, అందుకే ఆ కాగితం అంత ముఖ్యం. పోతే షోరూము నుంచి నకలు తెప్పించండి, లేకపోతే లెక్క మీకు నష్టంగా పడొచ్చు. పన్ను ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకోండి. దరఖాస్తు ఇచ్చినప్పుడు సకాల (గడువులోగా ప్రభుత్వ సేవ అందాలనే కర్ణాటక చట్టం) కింద రసీదు నంబరు అడిగి తీసుకోండి. పని ఆలస్యమైతే అడగడానికి హక్కు ఆ నంబరుతో వస్తుంది.

నాన్న పేరున ఉన్న కారు

ఇక్కడ తిరిగే ఏపీ, టీజీ కార్లలో చాలావాటి ఆర్సీ ఊళ్లో ఉన్న నాన్న పేరునో మామయ్య పేరునో ఉంటుంది. అడ్రసు రుజువు చూపాల్సింది ఓనరు. నాన్నకు బెంగళూరు అడ్రసు లేదు, మీ అడ్రసు రుజువు ఆయనకు పనికిరాదు. దారి ఒక్కటే: ఎన్‌ఓసీతో పాటు యాజమాన్య మార్పిడి. ఫారం 29, ఫారం 30 మీద ఆయన సంతకాలు, కొనేవాడిగా మీ సంతకం, ఫారం 27తో కలిపి ఇక్కడే ఇస్తే బండి మీ పేరున కేఏ నంబరుతో వస్తుంది. ఆర్సీ మీద సంతకం ఎలా ఉందో అలాగే ఆయన పెట్టాలి. వయసు మీద పడి చేయి వణుకుతుంటే సంతకం తేడా వస్తుంది, అప్పుడు అఫిడవిట్, ఆధార్ జిరాక్సు జత చేయండి.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు

అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకుని మళ్లీ బెంగళూరులో పనికి వచ్చిన మనవాళ్లకు రెండు దారులు. 180 రోజులు దాటే ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లోగా ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో (విదేశీయుల నమోదుకు ఉన్న ప్రభుత్వ పోర్టల్) నమోదు చేసుకోవాలి. తన ఇంట్లో విదేశీయులు ఉంటున్నారని ఇంటి ఓనరు ఫారం (ఇదివరకు దీన్ని ఫారం సీ అనేవారు) ఇవ్వాలి, అది ఇవ్వకపోతే నమోదు ఆగుతుంది. నమోదయ్యాక వచ్చే పర్మిట్ మీద బెంగళూరు అడ్రసు ఉంటుంది. ఆర్టీఓకు పాస్‌పోర్టు, వీసాలతో పాటు అదే ముఖ్యమైన రుజువు. ఇల్లు మారితే లైసెన్సు కంటే ముందు అక్కడ మార్పించండి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు ఈ నమోదు అక్కర్లేదు, కాబట్టి ఆ పర్మిట్ కాగితమూ ఉండదు. వాళ్లు కూడా అద్దె ఒప్పందంతోనే మొదలుపెట్టాలి. గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటే ఆధార్ తీసుకోవచ్చు.

కొత్త నంబరు వచ్చాక

ఆర్సీ చేతికొచ్చిన వారంలో ఇన్సూరెన్సు కంపెనీకి కొత్త నంబరు, కొత్త అడ్రసు రాసి ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు నమోదైన కాగితం) తీసుకోండి. ఇది వదిలేస్తే ప్రమాదం జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది. కారు ప్రీమియంలో బెంగళూరు ఏ జోన్, నెల్లూరు బీ జోన్, కొద్దిగా తేడా కట్టమనొచ్చు. ఫాస్టాగ్‌లో నంబరు మార్పించండి. హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబరు) ప్లేటు కొత్తది బిగించాకే రోడ్డెక్కండి.

చివరగా ఊళ్లో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు. పాత ఆర్సీ, ఎన్‌ఓసీ, ఇక్కడి కొత్త ఆర్సీ, కర్ణాటక పన్ను రసీదు, బ్యాంకు ఖాతా వివరాలతో ఊరి రవాణా ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. బండి వయసు పెరిగేకొద్దీ వచ్చేది తగ్గుతుంది. పాత ఆర్సీ, ఎన్‌ఓసీ అసళ్లు బెంగళూరు ఆర్టీఓలో ఉండిపోతాయి కాబట్టి, ఇక్కడ ఇవ్వకముందే రెండు వైపులా రంగు జిరాక్సులు తీయించుకుని పెట్టుకోండి.